నిశ్శబ్ద నిద్ర పథకం

పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి పౌరుడి గురకకూ ఇకమీదట ప్రభుత్వమే బాధ్యత వహిస్తుందని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించారు. పుట్టేవాళ్ళకి ఆసుపత్రులూ, పోయేవాళ్ళకి శ్మశానాలూ పాత ప్రభుత్వాలు ఎలాగోలా కట్టించాయి గానీ, ఈ రెంటికీ మధ్య మనిషి మూడోవంతు బతుకు మంచం మీదే గడుపుతున్నాడన్న సంగతి ఇంతవరకూ ఏ నాయకుడి దృష్టికీ రాలేదనీ, తన దృష్టికి వచ్చిందనీ ఆయన సెలవిచ్చారు. ఎలా వచ్చిందో మాత్రం చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు. దేశమంతా చూసింది.

అంతకుముందు వారం అసెంబ్లీలో ఆసుపత్రి మంచాలు చాలడం లేదని ప్రతిపక్షం వాళ్ళు గొంతు చించుకుంటుంటే, మంత్రిగారు ఎదురుగా ఉన్న మైకు కట్టేయడం మరిచి కునుకు తీశారు. కంకర మీద రోడ్డు రోలరు నడిచినట్టు గురక మొదలైంది. స్పీకరుగారు బెల్లు కొట్టి "సైలెన్స్" అన్నారు. గురక ఠక్కున ఆగింది. స్పీకరు మాటకి విలువిచ్చిన సభ్యుణ్ణి ఆ సభ అంతవరకూ చూసి ఉండలేదు కాబట్టి అధికారపక్షం వాళ్ళు బల్లలు చరిచారు. కాసేపటికి మంత్రిగారు నీళ్ళలోంచి పైకి తేలిన మనిషిలా పెద్దగా ఊపిరి లాగి, "ఆమోదిస్తున్నాం!" అని అరిచి లేచారు. ఆమోదించడానికి అక్కడేమీ లేదు.

ఆ వీడియోకి ఎవడో డప్పు కలిపాడు. పెళ్ళిళ్ళలో దానికి డాన్సులు కూడా వేశారు.

"అది గురక కాదు, డెమో," అన్నారు మంత్రిగారు విలేకరులతో. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నవాడు కూడా ఇంత నిబ్బరంగా చెప్పి ఉండడు.

"డెమో అయితే ముందే చెప్పొచ్చు కదా సార్?"

"చెప్పి నిద్రపోతే అది నటన. నేను నటుణ్ణి కాను. ప్రజాసేవకుణ్ణి."

"ఇంతకీ జబ్బు పేరేమిటి సార్?"

మంత్రిగారు అరచేతిలో రాసుకున్నది చూసుకున్నారు. "అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా."

"అంటే?"

"అంటే గురకే. కాకపోతే పెద్ద ఆసుపత్రిలో పెట్టిన పేరు."

కుర్చీ వెనకాల నిలబడ్డ పీఏ తలూపాడు. ఈ పీఏ గురించి కొంచెం చెప్పుకోవాలి. సెక్రటేరియట్‌లో ఇతన్ని అందరూ అలారం అంటారు. ఉద్యోగపు కాగితంలో ఉత్తర ప్రత్యుత్తరాలు చూడాలని ఉంది గానీ, అసలు పని మంత్రిగారి ఎడమ మోచేయి చూడటం. మీటింగుల్లో మంత్రిగారి తల వాలితే వెనకనుంచి చెయ్యి పోనిచ్చి మోచేతి దగ్గర గిల్లాలి. గోరు గుచ్చుకోకూడదు, చిన్నగా నొప్పి పుట్టాలి. గిల్లగానే మంత్రిగారు "పరిశీలిస్తాం" అంటారు. ఈ ఒక్క మాటమీద శాఖ ఇన్నేళ్ళు సజావుగా నడిచింది. అసెంబ్లీలోకి పీఏలని రానివ్వరు కాబట్టే ఆ రోజు అంత పనైంది.

గురకకి అలారం భయపడడు. గురక వస్తోందంటే దొరవారు క్షేమం. మధ్యలో హఠాత్తుగా ఆగిపోయి, ఛాతీ మాత్రం ఎగరలేక కొట్టుకునే కోడిలా కదులుతుంటుందే, అప్పుడే అతనికి భయం. మంత్రిగారి మీద ప్రేమ లేకపోలేదు. దాన్ని మించింది ఇంకోటుంది: మంత్రి పోతే పీఏ కూడా పోవాలి, మళ్ళీ ఏ మారుమూల ఆఫీసులోనో తపాలా బిళ్ళలు అంటించుకుంటూ.

విలేకరుల సమావేశం ముగిసి కారెక్కగానే మంత్రిగారు నిద్రపోయారు. రెండు సిగ్నళ్ళు దాటేదాకా గురక బాగానే నడిచింది. మూడో సిగ్నలు దగ్గర ఆగింది. డ్రైవరు అద్దంలోంచి అలారం వైపు చూశాడు. అలారం గిల్లాడు. లేవలేదు. ఇంకా గట్టిగా, సర్వీసులో ఎప్పుడూ గిల్లనంత గట్టిగా గిల్లాడు. మంత్రిగారు గుడ్లు తేలేసి, ఊపిరందుకుని, చొక్కా బొత్తాలు తడుముకున్నారు.

"ఏమయ్యా, ఈసారి ఎక్కువసేపు పోయానా?"

"లేద్సార్. కొంచెమే."

"నాతోనా అబద్ధాలు?" మంత్రిగారు కిటికీ వైపు తిరిగారు. ఆయన గొంతు అంత చిన్నగా ఉండటం అలారం ఎప్పుడూ వినలేదు. "ఎవడో గుండెల మీదెక్కి కూర్చుని గొంతు నొక్కినట్టుంటదయ్యా. పొద్దున లేస్తే తల బద్దలు. నువ్వు లేకపోతే ఏదో ఒకరోజు అలాగే పోతాను."

"డాక్టరమ్మకి చూపిద్దాం సార్. నిద్ర జబ్బులకి మన పెద్దాసుపత్రిలోనే ఉన్నారు కదా."

"చూపించి? రోగముందని కాగితమిస్తే? పెద్దాయన కేబినెట్‌ని కదుపుతానంటున్నాడు. రోగిష్టి ఆరోగ్యమంత్రి అంటే బట్టతలవాడు దువ్వెనలమ్మినట్టే. నోరు మూసుకుని నువ్వు గిల్లు."

పెద్దాయనంటే పార్టీ అధినేత. ఆయనకి పేరుండేది గానీ చాలాకాలంగా ఎవరూ వాడటం లేదు.

కారు దిగీ దిగకముందే అమ్మగారి ఫోను. మంత్రిగారి భార్య ఎప్పుడూ భర్తకి చెయ్యదు, అలారానికే చేస్తుంది.

"ఏం నాయనా, దార్లో ఎన్నిసార్లు ఆగింది?"

"ఒక్కసారేనమ్మా."

"నిన్న నేను మోకాలితో పొడిస్తే గానీ రాలేదు. ఊరందరి గురకా చూస్తాడట, పక్కలో దాన్ని అడగడట! దేశంలో అందరికీ పరీక్షలు చేసే మొగాడికి తన పరీక్షకి తీరిక లేదు. చెప్పు ఆయనకి, నా మోకాలు అరిగిపోయిందని."

అలారం చెప్పలేదు. మోకాలి సంగతి ఆర్థోపెడిక్ విభాగం కిందికి వస్తుంది.

*

పథకానికి నిశ్శబ్ద నిద్ర అని పేరు పెట్టారు. విధివిధానాలు ఖరారు చేయడానికి జరిగిన మీటింగుకి ఆరోగ్యశాఖ డైరెక్టరు అధ్యక్షత వహించారు. ఈయన అంతకుముందు చేపల శాఖలోనూ, దానికి ముందు రోడ్లలోనూ పనిచేసి, రెండుచోట్లా వాటిని కనపడకుండా చేసిన సమర్థుడు. నిద్ర జబ్బుల డాక్టరమ్మని కూడా పిలిచారు. ఫోటోలో ఒక తెల్లకోటు ఉండాలని.

డాక్టరమ్మకి లౌక్యం తెలియదు. తెలిసిందల్లా వైద్యమే. "సార్, నిద్రలో గొంతు దగ్గర దారి మూసుకుపోతుంది. ఊపిరి ఆగుతుంది, ఒంట్లో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. రాత్రంతా ఇదే తంతు. గురక ఒక గుర్తు మాత్రమే. గురకపెట్టే ప్రతివాడికీ జబ్బుందని కాదు. అసలు ప్రమాదం గురక మధ్యలో వచ్చే నిశ్శబ్దం."

"మేడమ్," అన్నారు డైరెక్టరు, "పథకం పేరే నిశ్శబ్దం. మీరు దాన్నే ప్రమాదమంటే ఎలా? నెగెటివిటీ వద్దు."

"ఇంకోటి. ఏ లక్షణమూ లేనివాళ్ళందరికీ పరీక్షలు చేస్తే మేలు జరుగుతుందని ఇంకా రుజువు కాలేదు. ముందు లక్షణాలున్నవాళ్ళని చూద్దాం. పట్టపగలు కూర్చున్నచోట నిద్రపోయేవాళ్ళని..."

గదిలో అందరూ మంత్రిగారి వైపు చూడకుండా ఉండటానికి ఒక్కసారిగా ఫ్యాను వైపు చూశారు. అలారం గిల్లాడు.

"పరిశీలిస్తాం," అన్నారు మంత్రిగారు.

తర్వాత మెడ చుట్టుకొలత దగ్గర పేచీ వచ్చింది. మెడ లావుంటే జబ్బుకి అవకాశం ఎక్కువనీ, అదొక్కటే చూసి తేల్చకూడదు గానీ కొలవడం మంచిదనీ డాక్టరమ్మ ఒక హద్దు చెప్పింది. డైరెక్టరు టేపు తెప్పించి, మర్యాదకి మొదట మంత్రిగారి మెడకే చుట్టారు. టేపు హద్దు దాటి ఇంకా నడుస్తూనే ఉంది.

"హద్దు తప్పు," అన్నారు డైరెక్టరు వెంటనే. "ఇది పరాయిదేశపు మెడలకి పెట్టింది. మన నాయకుల మెడలు వేరు. బాధ్యతలు మోసిన మెడలు."

హద్దుని మంత్రిగారి మెడ మీద ఇంకో రెండు వేళ్ళు పట్టేంత పెంచారు. ఆ కొలతకి దేశంలో ఎద్దులు తప్ప ఎవరూ దొరకరని డాక్టరమ్మ అంది. ఎద్దులు పశుసంవర్ధక శాఖవని డైరెక్టరు గుర్తుచేశారు.

ఇక ప్రశ్నలు. నిద్రలో మీకు ఊపిరి ఆగుతోందా అన్న ప్రశ్నకి జవాబు నిద్రపోయేవాడే చెప్పాలని తీర్మానమైంది.

"వాడికెలా తెలుస్తుంది సార్? పక్కన పడుకునేవాళ్ళని అడగాలి!"

"భార్యల మాట సాక్ష్యమా మేడమ్? మా ఇంట్లో నేనసలు మనిషినే కాదంటుంది. అది కూడా రాసుకుంటామా?"

పరీక్షకి ఆసుపత్రుల్లో వాడే యంత్రాలు ఖరీదని, వాటి బదులు గురక మీటరు అనే స్వదేశీ పరికరాన్ని ఎంపిక చేశారు. ఒక మైకు, దానికో పెట్టె, పెట్టెకి రెండు దీపాలు. చప్పుడైతే ఎర్రదీపం, లేకపోతే పచ్చదీపం. ఇది డైరెక్టరుగారి బావమరిది సౌండ్ సిస్టమ్స్ కొట్లో తయారైంది. ఊపిరి గురించి, ఆక్సిజన్ గురించి దానికేమీ తెలియదు. అందుకే దాని మీద ఎవరి ప్రభావమూ ఉండదని డైరెక్టరు హామీ ఇచ్చారు.

*

పథకం అమలు చూసి తీరాల్సిందే. ఆఫీసుల్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక గుమాస్తాలు బల్లల మీద తలలు పెట్టి పడుకునేవారు. ఇదివరకు ఇందుకే వాళ్ళకి మెమోలిచ్చారు. ఇప్పుడు బల్లబల్లకీ మీటరు పెట్టి, పడుకోనివాళ్ళకి మెమోలిచ్చారు. పని కోసం వచ్చినవాళ్ళని వేలు పెదాల మీద పెట్టి "ష్, స్క్రీనింగ్" అని వెనక్కి పంపేశారు.

బస్సు డిపోలో ఒక డ్రైవరు ఉన్నాడు. స్టీరింగు మీదే నిద్రపోయి ఒకసారి టీకొట్టు దాకా బస్సుని నడిపించిన ఘనుడు. కండక్టర్లు వాడితో డ్యూటీ అంటే ఇంట్లో చెప్పి బయల్దేరేవారు. పరీక్షలో వాడి గురక కాసేపు ఎర్రగా వెలిగి, ఆగిపోయి, చాలాసేపు పచ్చగా వెలిగింది. మొహం నీలంగా మారింది. దానికి దీపం లేదు. డిపోలో ఉత్తమ నిద్ర వాడిదేనని తేల్చి, ఎక్కువ దూరం వెళ్ళే బస్సు ఇచ్చారు.

హాయిగా, ఆరోగ్యంగా, చిన్న చిన్న గురకలు పెట్టే ఒక లైబ్రేరియన్‌ని మాత్రం పాజిటివ్ అని పట్టుకుపోయి మూడు ఆసుపత్రులు తిప్పారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, బెంగతో ఆవిడకి ఉన్న నిద్ర కూడా పోయింది. నిద్రపోవడం మానేశాక గురక పూర్తిగా తగ్గింది కాబట్టి విజయగాథల్లో ఆవిడ ఫోటో వేశారు.

అంతా కడుపులో చల్ల కదలకుండా సాగుతుంటే ప్రతిపక్షం ఒక పుల్ల వేసింది. మంత్రికి దమ్ముంటే ముందు తనే జనం ఎదుట పడుకుని మీటరు పెట్టించుకోవాలని సవాలు విసిరింది. పెద్దాయన ఆ సాయంత్రమే ఫోను చేశాడు. ఆయన ఫోనులో రెండు మాటలే మాట్లాడతాడు.

"పడుకో. పచ్చగా."

*

మంత్రిగారి ఇంటి హాల్లో ముగ్గురే ఉన్నారు. మంత్రిగారు సోఫాలో, అమ్మగారు ఎదురుగా, అలారం ఇద్దరికీ మధ్య, ఎవరివైపూ కాకుండా.

"ఆ డబ్బా మీటరు ముందు పడుకుంటావు గానీ డాక్టరమ్మ దగ్గర పడుకోవా?" అంది అమ్మగారు. "ముక్కుకి తొడిగి గాలి పంపే మిషనేదో ఉందటగా, పెట్టుకుంటే ఈ గోలుండదట. నేనడిగి వచ్చాను."

"నువ్వెందుకెళ్ళావు? ఎవరన్నా చూస్తే?"

"చూస్తే ఏమంటారు, పెళ్ళామని అంటారు. విధవరాలనే దాకా ఆగమంటావా?"

ఇలాంటి ప్రశ్నకి మంత్రిగారు మీటింగులో అయితే పరిశీలిస్తామంటారు, ఇంట్లో దానికి వీలుండదు. అలారం చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళారు.

"నువ్వు మంచం పక్కనే ఉండాలి. గురక వస్తే రానీ, ఏదో చెప్పుకుందాం. ఆగిందో, గిల్లెయ్. పదవి కోసం పడుకుంటున్నాను గానీ ప్రాణం కోసం నువ్వున్నావని పడుకుంటున్నాను. తెలిసిందా?"

"నా ఒంట్లో ఊపిరున్నంతవరకూ, సార్."

"నీ ఊపిరి కాదయ్యా. నాది చూడు."

మర్నాడు డైరెక్టరు అలారాన్ని తన గదికి పిలిపించి కుర్చీ చూపించారు. అలారానికి ఆ బిల్డింగులో కుర్చీ చూపించినవాళ్ళు లేరు. కూర్చోవడం ఎలాగో మరిచిపోయినట్టు అంచు మీద ఆనుకున్నాడు.

"పథకానికి స్పెషల్ ఆఫీసర్ కావాలి. సొంత గది, కారు. నీ పేరు రాశాను." డైరెక్టరు సంతకం పెట్టకుండా కలం మూత పెట్టారు. "సారు పాసైతేనే సుమా. పరీక్ష మధ్యలో ఎవరో చెయ్యి తగిలించి మెలకువ తెప్పించారనుకో, అంతా ఫెయిలే. గురక తనంతట తను ఆగితే మనకి మంచిదా, చెడ్డదా?"

"దీపానికి... మంచిదే సార్."

"తెలివైనవాడివి. ఇన్నాళ్ళూ పీఏగా ఎలా మిగిలిపోయావో."

*

పట్టపగలు, నిండు హాల్లో, స్టేజీ మధ్య మంచం వేశారు. కొత్త పరుపు, కొత్త దుప్పటి. మంచం చుట్టూ తాడు కట్టారు. మీటరు దీపాలు వెనక తెరమీద గుమ్మడికాయంత పెద్దవిగా కనిపించేలా ఏర్పాటు చేశారు. మంత్రిగారు ప్రజలకి చేతులెత్తి నమస్కరించి, చెప్పులు విడిచి, పడుకున్నారు.

నిద్ర రాలేదు.

కేబినెట్ మీటింగుల్లో, శంకుస్థాపనల్లో, సంతాప సభల్లో నిలబడి కూడా నిద్రపోయిన మహానుభావుడికి ప్రజలెదుట పడుకోమని పంపిస్తే నిద్ర రాలేదు. ఇటు దొర్లారు, అటు దొర్లారు. జనంలో ఎవరో "జోల పాడండ్రా" అని అరిచారు. చానళ్ళవాళ్ళు ప్రకటనలకి వెళ్ళొచ్చారు. డైరెక్టరు నుదురు తుడుచుకుని కాసేపు ఆలోచించి, మైకు దగ్గరికి వెళ్ళి ఆరోగ్యశాఖ ప్రగతి నివేదిక చదవడం మొదలుపెట్టారు. "గౌరవ మంత్రివర్యుల దిశానిర్దేశంలో..." అన్నారో లేదో మంత్రిగారి నోరు తెరుచుకుంది. ముందు రెండు వరుసలు కూడా ఒరిగిపోయాయి.

గురక ఎత్తుకుంది. తెర ఎర్రబడింది. జనం ఈలలు వేశారు. ప్రతిపక్షం వాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. డైరెక్టరు నివేదిక చేతుల్లో నలిగిపోతోంది. తాడుకి ఇవతల, మంచానికి చెయ్యందేంత దూరంలో అలారం నిలబడి ఉన్నాడు.

గురక ఆగింది.

తెర పచ్చబడింది.

హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది, మంచం మీద ఉన్నాయన తప్ప. తర్వాత చప్పట్లు. అధికారపక్షం వాళ్ళు కుర్చీలెక్కారు. "ఆగింది! గురక ఆగింది! సాధించాం!" డైరెక్టరు కళ్ళు చెమర్చాయి. పచ్చదీపం ఒక్కసారి కూడా మినుక్కుమనలేదు. దేశంలో ఏ పథకమూ ఇంత నిలకడగా పనిచెయ్యలేదు.

అలారం మంత్రిగారి ఛాతీ చూశాడు. అది ఎగరబోయి ఎగరలేకపోతోంది. పెదాల చుట్టూ రంగు మారుతోంది. చెయ్యి తాడు దాకా వెళ్ళింది. మోచేయి అక్కడే ఉంది, ఎడమది, అతను కళ్ళు మూసుకుని కూడా పట్టుకోగలిగింది. డైరెక్టరు అతనివైపు చూసి, జేబులోని కలాన్ని మెల్లగా తట్టారు. చెయ్యి తాడు మీద ఆగింది. అక్కడినుంచి తాడుని సర్దుతున్నట్టు నటించింది.

"ఓరి మీ చప్పట్లు తగలెయ్య! చచ్చిపోతున్నాడర్రా!"

అమ్మగారు మూడో వరుసలోంచి ఎలా వచ్చిందో, తాడు ఎలా దాటిందో ఎవరూ చూడలేదు. మంత్రిగారి కాలరు పట్టుకుని లేపి, వీపు మీద రెండు గుద్దులు గుద్దింది. హాలు దద్దరిల్లేలా ఒక శబ్దం వచ్చింది, ఊపిరి లోపలికి పోయింది. ఆ శబ్దానికి మీటరు కాలిపోయి దీపాలు రెండూ ఆరిపోయాయి.

ఇద్దరు పోలీసులు అమ్మగారిని రెక్కలు పట్టుకుని దించారు.

మంత్రిగారు మంచం మీద కూర్చుని, ఎక్కడున్నారో తెలియక చుట్టూ చూసి, ఎడమ మోచేయి తడుముకున్నారు. తర్వాత అలారం వైపు చూశారు.

"పాసయ్యానా?"

"పాసయ్యారు సార్," అన్నాడు అలారం. "పచ్చగా."

*

తర్వాత జరిగినవన్నీ మంచివే. పెద్దాయన కేబినెట్ మార్చి, మంత్రిగారిని అదే శాఖలో ఉంచి, ఇంకో శాఖ కూడా అప్పజెప్పాడు. ప్రభుత్వ పరీక్షకి భంగం కలిగించినందుకు అమ్మగారి మీద కేసు పెట్టారు. ఇంకెప్పుడూ స్క్రీనింగ్ స్థలాల దరిదాపులకి రాకూడదని షరతు పెట్టి విడిచారు. మంత్రిగారి ఇల్లూ, ఆఫీసూ కూడా స్క్రీనింగ్ స్థలాలే కాబట్టి ఆవిడ చెల్లెలింటికి వెళ్ళింది.

అలారం స్పెషల్ ఆఫీసర్ అయ్యాడు. మొదటి వారంలోనే ఒక ఉత్తర్వు తయారుచేశాడు. భాష అతనిదే, ఆలోచన డైరెక్టరుది. పరీక్షా కేంద్రాల్లో భార్యల బెడద ఎక్కువైన దృష్ట్యా, నిద్రలో ఉన్న పౌరుణ్ణి అతని స్వయం అనుమతి లేకుండా ఎవరూ తాకరాదు, లేపరాదు, సమీపించరాదు. పౌరుడి నిద్ర పౌరుడి హక్కు. ఈ వాక్యం పత్రికలన్నీ పెద్దక్షరాలతో వేశాయి. ఉత్తర్వు అమలుకి తలుపు తలుపుకీ ఒక గార్డుని నియమించారు.

అలా ఒక మధ్యాహ్నం భోజనమయ్యాక మంత్రిగారు తన ఆఫీసు లోపలి గదిలో పడుకున్నారు. ముందుగదిలో వినతిపత్రాలతో వచ్చిన జనం కూర్చున్నారు. తలుపు దగ్గర గార్డు. అలారం కొత్త కుర్చీలో పూర్తిగా వెనక్కి వాలి కూర్చుని ఉన్నాడు. లోపలినుంచి గురక వినిపిస్తోంది. ఫోను మోగింది.

"నాయనా, నేనే. ఆయన పడుకునే వేళైంది కదా. పక్కనెవరున్నారు?"

"ప్రశాంతంగా ఉన్నారమ్మా."

"ప్రశాంతం సంగతి నాకు చెప్పకు. గురక వినపడుతోందా?"

అలారం చెవి రిక్కించాడు. "ఇప్పుడిప్పుడే ఆగిందమ్మా."

"పరిగెత్తు," అంది ఆవిడ.

అలారం లేచాడు. నడక కాస్తా పరుగైంది. తలుపు దగ్గర గార్డు బూట్లు టకీమని కలిపి సెల్యూట్ చేసి, అడ్డంగా నిలబడ్డాడు.

"తప్పుకోవయ్యా! లోపలికెళ్ళాలి."

"సారుగారి అనుమతి కావాలండి."

"సారు నిద్రలో ఉన్నారు!"

"అందుకేనండి కావాల్సింది. లేచి సరేనంటే పంపిస్తాను."

"అయితే లేపు!"

"లేపాలంటే లోపలికెళ్ళాలి కదండీ," అన్నాడు గార్డు, ఎంతో వినయంగా. "ఉత్తర్వు మీరే రాశారు. కిందటిసారి ఒకావిణ్ణి స్టేజీ మీదికి వదిలేసినందుకు మావాళ్ళిద్దర్ని సస్పెండు చేశారండి."

అలారం గార్డుని తోశాడు. గార్డు కదల్లేదు. గార్డుల్ని కదలని వాళ్ళనే చూసి వేసుకోవాలని కూడా ఆ ఉత్తర్వులోనే ఉంది. చేతిలోని ఫోనులో అమ్మగారు ఏదో అరుస్తోంది. ముందుగదిలో వాళ్ళంతా లేచి చూస్తున్నారు. ఒక ముసలాయన చేతిలోని వినతిపత్రం మడిచి, పక్కవాడి చెవిలో గుసగుసలాడాడు.

"గోల చెయ్యకండ్రా. పాపం, ఎంత హాయిగా పడుకున్నారో. చిన్న చప్పుడన్నా లేదు."